ఓడితే ఇంటికే: అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌కు మార్చి నెలలో పూనకం ఎందుకు వస్తుంది?

2024 మార్చి 15 రాత్రి వాషింగ్టన్ నగరంలో అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ అనే కాలేజీల కూటమి టోర్నీ సెమీఫైనల్ చివరి క్షణాలు. గడియారంలో మిగిలింది 5.3 సెకన్లు. వర్జీనియా 58, నార్త్ కరోలినా స్టేట్ 55. వర్జీనియా ఆటగాడు ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడ్డాడు. ఆ బంతి బుట్టలో పడితే ఆట దాదాపు అయిపోయినట్టే. పడలేదు. రీబౌండ్ అందుకున్న నార్త్ కరోలినా స్టేట్ పరుగున ముందుకొచ్చింది, మైకేల్ ఓకానెల్ మూడు పాయింట్ల గీత అవతలి నుంచి బంతి విసిరాడు, అది రింగు దగ్గర తడబడి, హారన్ మోతలోనే లోపలికి జారింది. స్కోరు సమమైంది. ఓవర్‌టైం ముగిసేసరికి 73-65తో నార్త్ కరోలినా స్టేట్ ఫైనల్‌కు చేరింది. మర్నాడు సొంత రాష్ట్రపు చిరకాల ప్రత్యర్థి నార్త్ కరోలినాను కూడా ఓడించి 1987 తరువాత మొదటిసారి కాన్ఫరెన్స్ కప్పు అందుకుంది.

ఆ వారం మొదలయ్యేనాటికి ఇదే జట్టు లీగ్ దశలో చివరి నాలుగు ఆటలూ ఓడి, 17 గెలుపులు, 14 ఓటములతో కాన్ఫరెన్స్‌లో పదో స్థానంలో ఉంది. జాతీయ టోర్నీకి దాన్ని పిలిచే ఆలోచన ఎవరికీ లేదు. కప్పు గెలిస్తే తప్ప దారి లేదు, గెలవాలంటే ఐదు రోజుల్లో ఐదు ఆటలు గెలవాలి. గెలిచింది. ఆ ఊపులోనే జాతీయ టోర్నీలో పదకొండో సీడ్‌గా, అంటే బలాన్ని బట్టి ఇచ్చే వరుసలో పదకొండో అంకెతో, అడుగుపెట్టి, మరో నాలుగు ఆటలు గెలిచి, 1983 తరువాత మళ్లీ చివరి నలుగురిలో నిలిచింది. ఓకానెల్ విసిరిన బంతి రింగు మీది నుంచి బయటికి దొర్లి ఉంటే ఇందులో ఒక్కటీ జరిగేది కాదు.

అమెరికాలో ‘మార్చి మ్యాడ్‌నెస్’ అని పిలిచే ఈ మూడు వారాల సందడికి కారణం అక్కడి ఆట నాణ్యత అనుకుంటే పొరపాటు. బాస్కెట్‌బాల్‌ను అత్యున్నత స్థాయిలో చూడాలనుకునేవారికి వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్‌బీఏ ఉంది. కాలేజీ కుర్రాళ్లు అంతకంటే ఎక్కువ తప్పులు చేస్తారు, తేలిక బంతులు వదిలేస్తారు, ఒత్తిడిలో చేతులు వణికి ఫ్రీ త్రోలు పోగొట్టుకుంటారు. అయినా మార్చి వచ్చేసరికి దేశం కాలేజీ ఆట వైపు తిరుగుతుంది. కారణం టోర్నీ నిర్మాణంలోనే ఉంది. ఆటగాడికి, కోచ్‌కు, కాలేజీకి, కాన్ఫరెన్స్‌కు, టీవీ సంస్థకు, పందెం కాసినవాడికి ఒక్కొక్కరికి ఒక్కో రకం ఆశ ఉంటుంది. ఆ ఆశలన్నీ కలిసి ఒకే నలభై నిమిషాల మీద వేలాడుతుంటాయి. ఓడినవారికి రెండో అవకాశం ఉండదు.

ఈ ఏర్పాటు ఒక్కరోజులో రాలేదు. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ పేరిట మొదటి టోర్నీ 1939లో ఎనిమిది జట్లతో జరిగింది. ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఎవాన్‌స్టన్‌లో ఒరెగాన్ జట్టు 46-33తో ఒహాయో స్టేట్‌ను ఓడించింది, నిర్వాహకులకు మాత్రం 2,531 డాలర్ల నష్టం మిగిలింది. ఆ రోజుల్లో అంతకు ఏడాది ముందే న్యూయార్క్ మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పుట్టిన ఎన్‌ఐటీ (నేషనల్ ఇన్విటేషన్ టోర్నమెంట్)కే పరువు ఎక్కువ. 1950లో న్యూయార్క్ సిటీ కాలేజీ ఒకే ఏడాది రెండు కప్పులూ గెలిచింది, ఆ ఘనత మరెవరికీ దక్కలేదు. మరుసటి ఏడాదే ఆ జట్టు ఆటగాళ్లు కొందరు పందెగాళ్ల దగ్గర డబ్బు తీసుకుని పాయింట్ల తేడాను తారుమారు చేశారని తేలింది. ఈ ఆటకూ పందేనికీ బంధుత్వం అంత పాతది. ‘మార్చి మ్యాడ్‌నెస్’ అనే మాట కూడా మొదట కాలేజీలది కాదు. ఇల్లినాయ్ హైస్కూల్ టోర్నీ గురించి 1939లో అక్కడి క్రీడాధికారి హెన్రీ పోర్టర్ రాసిన మాట అది. దాన్ని 1980ల్లో టీవీ వ్యాఖ్యాత బ్రెంట్ మస్‌బర్గర్ కాలేజీ ఆటకు అంటించాడు.

1974 వరకు ఒక కాన్ఫరెన్స్ నుంచి ఒక్క జట్టుకే ప్రవేశం. ఆ ఏడాది అట్లాంటిక్ కోస్ట్ ఫైనల్లో ఇదే నార్త్ కరోలినా స్టేట్ చేతిలో మేరీల్యాండ్ 103-100తో ఓవర్‌టైంలో ఓడింది. దేశంలోని మేటి జట్లలో ఒకటైన మేరీల్యాండ్ ఆ ఒక్క ఓటమితో టోర్నీకే దూరమైంది, గెలిచిన నార్త్ కరోలినా స్టేట్ జాతీయ విజేత అయింది. అంతకు ముందు 1967 నుంచి 1973 వరకు వరుసగా ఏడేళ్లు కప్పు లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయం దగ్గరే ఉంది. మరుసటి ఏడాది, 1975లో, టోర్నీని 32 జట్లకు పెంచి ఒకే కాన్ఫరెన్స్ నుంచి రెండో జట్టుకూ తలుపు తీశారు. 1985లో జట్ల సంఖ్య 64కు, 2011లో 68కి చేరింది.

2025 నాటి పద్ధతి ఇది. మొదటి శ్రేణిలో ఉన్న సుమారు 360 కాలేజీలు 31 కాన్ఫరెన్స్‌లుగా విడిపోయి ఆడతాయి. ప్రతి కాన్ఫరెన్స్ విజేతకూ, అది ఎంత చిన్నదైనా సరే, ప్రవేశం ఖాయం. మిగిలిన 37 స్థానాలను ఎంపిక సంఘం నింపుతుంది. ముందుగా నాలుగు ప్రవేశ ఆటలతో 68 జట్లను 64కు తగ్గిస్తారు. జట్లను నాలుగు ప్రాంతాలుగా పంచి, ఒక్కో ప్రాంతంలో ఒకటి నుంచి పదహారు దాకా సీడ్ అంకెలు ఇస్తారు. ఒకటో సీడ్ మొదట పదహారో సీడ్‌తో, రెండోది పదిహేనోదానితో తలపడతాయి. మొదటి గురు, శుక్రవారాల్లో మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాటేదాకా 32 ఆటలు సాగుతాయి. ఒక ఆట ముగిసేలోపే మరో ఊళ్లో ఇంకో ఆట ఉత్కంఠ ఘట్టానికి చేరుతుంది. వరుసగా ఆరు గెలిచినవాడిది కప్పు.

ఇందులో కీలకం ఆ ‘చిన్నదైనా సరే’ అన్న నిబంధనే. ప్రతిభను బట్టి మాత్రమే జట్లను ఎంపిక చేస్తే పదహారో సీడ్లుగా వచ్చే కాలేజీల్లో ఒక్కదానికీ చోటు ఉండదు. వాటికంటే బలమైన జట్లు పదుల కొద్దీ ఇంటి దగ్గరే ఉండిపోతాయి. అయినా ఆ తలుపు మూయలేదు. అందువల్ల నవంబరులో బంతి పట్టిన దాదాపు ప్రతి కాలేజీకీ, సీజనంతా ఎంత చెడిపోయినా, కాన్ఫరెన్స్ టోర్నీ వారంలో ఇంకో ప్రాణం ఉంటుంది. నార్త్ కరోలినా స్టేట్‌కు ఉన్నది ఆ ప్రాణమే.

నాకౌట్ పద్ధతి రెండో కీలకం. ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో ఏడు ఆటల్లో నాలుగు గెలవాలి. బలమైన జట్టుకు ఒక చెడ్డ రాత్రి ఎదురైనా సర్దుకునే వ్యవధి ఉంటుంది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. 2023 వన్డే ప్రపంచకప్‌లో వరుసగా పది ఆటలు గెలిచి అహ్మదాబాద్ ఫైనల్ ఒక్కటి ఓడిన భారత జట్టును తలచుకుంటే తెలుగు పాఠకులకు ఇది వేరే వివరించనక్కర్లేదు. పైగా కాలేజీ ఆట నలభై నిమిషాలదే, ఎన్‌బీఏ కంటే ఎనిమిది నిమిషాలు తక్కువ. ఆట ఎంత చిన్నదైతే అదృష్టానికి అంత చోటు. టెస్టుల్లో కనిపించని వింతలు టీ20ల్లో కనిపించడానికి కారణమూ అదే. దీనికి మూడు పాయింట్ల బంతి తోడైంది. 2024లో మూడో సీడ్ కెంటకీని పద్నాలుగో సీడ్ ఓక్లాండ్ 80-76తో ఓడించినప్పుడు జాక్ గోల్కీ అనే ఆటగాడు ఒక్కడే పది మూడు పాయింట్ల బుట్టలు వేశాడు. అంతకు ముందు ఏడాది దాకా రెండో శ్రేణి కాలేజీలో ఆడిన కుర్రాడు, సీజనంతా దగ్గరి నుంచి విసిరిన బంతులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎదుటి జట్టులో కొద్ది నెలల్లో ఎన్‌బీఏకు వెళ్లబోయే కుర్రాళ్లు ఉన్నారు. మూడు గంటలు కూడా పట్టని ఆటలో ఆ తేడా చెరిగిపోయింది. రెండు రోజుల తరువాత ఓక్లాండ్‌ను నార్త్ కరోలినా స్టేటే ఓవర్‌టైంలో ఇంటికి పంపింది.

పన్నెండో సీడ్ ఐదో సీడ్‌ను ఓడించడం ఇప్పుడు వింత కూడా కాదు. 1985 నుంచి చూస్తే అలాంటి ఆటల్లో ఇంచుమించు మూడింట ఒకటి అలాగే ముగిసింది. పదహారో సీడ్ సంగతి వేరు. 1985 నుంచి 2017 దాకా పురుషుల టోర్నీలో ఒకటో సీడ్‌తో పదహారో సీడ్ తలపడిన ప్రతి ఆటా ఒకే విధంగా ముగిసింది. 2018 మార్చి 16న, 136వ ప్రయత్నంలో, షార్లట్ నగరంలో ఆ గోడ కూలింది. కూల్చినది యూఎంబీసీ, అంటే మేరీల్యాండ్ విశ్వవిద్యాలయపు బాల్టిమోర్ కౌంటీ శాఖ.

ఈ పేరు చాలామంది తెలుగు కుటుంబాలకు బాస్కెట్‌బాల్‌తో సంబంధం లేకుండానే తెలుసు. ఎం.ఎస్. దరఖాస్తుల కాలంలో హైదరాబాద్, విజయవాడ ఇళ్లలో రాసుకునే జాబితాల్లో యూఎంబీసీ కనిపిస్తుంది, న్యూజెర్సీలోని ఫెయిర్‌లీ డికిన్సన్ కనిపిస్తుంది, జెర్సీ సిటీలోని సెయింట్ పీటర్స్ కనిపిస్తుంది. ఫీజు ఎంత, అడ్మిషన్ వస్తుందా, న్యూయార్క్‌కు ఎంత దూరం అన్నవే అక్కడి ప్రశ్నలు. గత పదేళ్లలో ఈ టోర్నీని అందరికంటే ఎక్కువగా కుదిపేసిన మూడు కాలేజీలూ ఇవే కావడం కాకతాళీయమే అయినా ముచ్చటైన విషయం.

యూఎంబీసీకి అప్పటిదాకా ఉన్న పేరు చదరంగం జట్టుది. బాస్కెట్‌బాల్ జట్టు ఆ జనవరిలోనే ఆల్బనీ చేతిలో 83-39తో, అంటే 44 పాయింట్ల తేడాతో, చిత్తుగా ఓడింది. కాన్ఫరెన్స్ ఫైనల్లో జైరస్ లైల్స్ చివరి క్షణంలో వేసిన మూడు పాయింట్ల బుట్టతో వెర్మాంట్‌ను 65-62తో దాటి టోర్నీకి వచ్చింది. ఎదురైంది ఆ ఏడాది దేశంలోనే నంబర్ వన్ జట్టు వర్జీనియా. ప్రత్యర్థులకు సగటున ఒక ఆట మొత్తం మీద 54 పాయింట్లు మాత్రమే ఇచ్చిన జట్టు అది. మొదటి సగం 21-21. విశ్రాంతి వేళకు ఇరవై వేల మంది దాకా పట్టే ఆ హాలులో ఏ పక్షమూ లేని ప్రేక్షకులు పక్షం తేల్చుకున్నారు. రెండో సగంలోనే యూఎంబీసీ 53 పాయింట్లు సాధించింది. తుది స్కోరు 74-54. చివరి క్షణపు అదృష్టం కాదు, ఇరవై పాయింట్ల తేడా. వర్జీనియా ముఖ్య ఆటగాళ్లలో ఒకడు గాయంతో దూరమయ్యాడన్న మాట నిజమే కానీ, ఇరవై పాయింట్లకు అది సమాధానం కాదు.

ఐదేళ్ల తరువాత ఫెయిర్‌లీ డికిన్సన్ చేసిన పని ఇంకా విడ్డూరం. అది తన కాన్ఫరెన్స్ టోర్నీ కూడా గెలవలేదు. ఫైనల్లో మెరిమాక్ చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడింది. కింది శ్రేణి నుంచి కొత్తగా వచ్చిన మెరిమాక్‌కు నిబంధనల ప్రకారం ఇంకా అర్హత లేకపోవడంతో ఆ చోటు దీనికి దక్కింది. అంతకు ముందు సీజన్లో గెలిచినవి నాలుగే ఆటలు. మొదటి శ్రేణిలోని 363 జట్లలో సగటు ఎత్తు అన్నిటికంటే తక్కువ ఉన్న జట్టు ఇదే. ఎదురుగా ఒకటో సీడ్ పర్డ్యూ, దాని నడుమ ఏడడుగుల నాలుగంగుళాల జాక్ ఈడీ. 2023 మార్చి 17న కొలంబస్‌లో ఈ పొట్టివాళ్లు ఈడీకి బంతి అందకుండా చుట్టూ మూగి, కోర్టు పొడవునా ఒత్తిడి పెట్టి, 63-58తో గెలిచారు.

ఇలాంటి రాత్రుల్లో గెలిచినవాడి ఉత్సాహానికి కారణం అడగనక్కర్లేదు. ఈ టోర్నీ ఆడేవాళ్లలో అత్యధికులకు ఎన్‌బీఏ యోగం లేదు. కాలేజీ ఆటగాళ్లలో నూటికి ఒకరిద్దరికి మించి ఆ మెట్టు ఎక్కరు. మిగిలినవారు అకౌంటెంట్లు, టీచర్లు, అమ్మకాల ఉద్యోగులు అవుతారు. చివరి ఏడాది కుర్రాడికి ఓడిన క్షణంతో పన్నెండు పదిహేనేళ్ల ఆట జీవితం ముగుస్తుంది. హారన్ మోగగానే ఇరవై రెండేళ్ల యువకులు జెర్సీలో మొహం దాచుకుని ఏడ్వడం టీవీ కెమెరాలకు ఇష్టమైన దృశ్యం. కొంచెం నిర్దయగానే చూపిస్తారు. మరోవైపు, పెద్ద కాలేజీల కంటపడని ప్రతిభకు ఈ వేదికే కిటికీ. 2008లో పదో సీడ్ డేవిడ్‌సన్ తరఫున బక్కపలచని స్టెఫెన్ కర్రీ గొంజాగాపై 40 పాయింట్లు కొట్టి, జార్జ్‌టౌన్‌నూ విస్కాన్సిన్‌నూ దాటించాడు. చివరి ఎనిమిది జట్ల దశలో కాన్సస్ చేతిలో 59-57తో ఆగిపోయేటప్పటికి ఆ పేరు దేశమంతా తెలిసిపోయింది.

ఓడిన పెద్ద జట్ల కసి గురించి తక్కువ మాట్లాడుకుంటారు కానీ అదీ ఈ టోర్నీని నడిపించే బలమైన ఇంధనమే. యూఎంబీసీ చేతిలో నవ్వులపాలైన వర్జీనియా మరుసటి ఏడాది దాదాపు అదే జట్టుతో వచ్చి, రెండు మూడు ఆటల్లో ఓటమి అంచు దాకా వెళ్లి, ఫైనల్లో టెక్సస్ టెక్‌ను 85-77తో ఓవర్‌టైంలో ఓడించి కప్పు గెలిచింది. ఫెయిర్‌లీ డికిన్సన్ చేతిలో ఓడిన పర్డ్యూ ఏడాది తిరిగేసరికి ఫైనల్ చేరి కనెక్టికట్‌కు తలవంచింది. ఈడీ ఎన్‌బీఏకు వెళ్లకుండా ఆ ఏడాది ఆగి మళ్లీ ఆడాడు.

ఇక కోచ్‌లు. ఆట మీద ప్రేమతోపాటు జీతపు లెక్క కూడా వారి పక్కనే కూర్చుని ఉంటుంది. 2022లో సెయింట్ పీటర్స్ పదిహేనో సీడ్‌గా కెంటకీని ఓవర్‌టైంలో 85-79తో ఓడించింది. కెంటకీ కోచ్ ఒక్కడి వార్షిక వేతనం సెయింట్ పీటర్స్ పురుషుల బాస్కెట్‌బాల్ బడ్జెట్ మొత్తానికి కొన్ని రెట్లు. ఆ తరువాత ముర్రే స్టేట్‌ను, పర్డ్యూను కూడా దాటి, చివరి ఎనిమిదిలో అడుగుపెట్టిన మొట్టమొదటి పదిహేనో సీడ్ అయింది. ఇండియన్ కిరాణా కొట్లూ, దోసె హోటళ్లూ ఉన్న జెర్సీ సిటీ ఆ పది రోజులూ జాతీయ వార్త. నార్త్ కరోలినా చేతిలో పరుగు ఆగిన కొద్ది రోజులకే కోచ్ షహీన్ హాలోవే తాను చదువుకున్న సీటన్ హాల్‌కు వెళ్లిపోయాడు. ఫెయిర్‌లీ డికిన్సన్ కోచ్ టోబిన్ ఆండర్సన్ కూడా అంతే, గెలిచిన నెలలోనే అయోనాకు మారాడు. చిన్న కాలేజీకి మార్చి గెలుపు పండుగ, కోచ్‌కు అది దరఖాస్తు కూడా.

కాలేజీలకూ కాన్ఫరెన్స్‌లకూ ఉన్న ఆశ ఇంకా లెక్కగా ఉంటుంది. పురుషుల టోర్నీ టీవీ హక్కుల కోసం సీబీఎస్, టర్నర్ సంస్థలు 2010లో పద్నాలుగేళ్లకు 1,080 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాయి, 2016లో మరో 880 కోట్లతో దాన్ని 2032 దాకా పొడిగించాయి. ఎన్‌సీఏఏ ఆదాయంలో సింహభాగం ఈ మూడు వారాలదే. అథ్లెటిక్స్, ఈత, కుస్తీ వంటి క్రీడల జాతీయ పోటీలు నడిచేది కూడా ఎక్కువగా ఈ డబ్బుతోనే. దాన్ని పంచే పద్ధతికి కొలమానం ‘యూనిట్’. ఫైనల్ మినహా టోర్నీలో ఆడిన ప్రతి ఆటకూ ఆ జట్టు కాన్ఫరెన్స్‌కు ఒక యూనిట్ జమ అవుతుంది. ఆరేళ్లలో దాని విలువ సుమారు 20 లక్షల డాలర్లు. సెయింట్ పీటర్స్ ఆడినవి నాలుగు ఆటలు, అంటే ఆ లెక్కన దాదాపు 80 లక్షల డాలర్లు. వాటిని కాన్ఫరెన్స్‌లోని కాలేజీలన్నీ పంచుకుంటాయి. అందుకే ఫిబ్రవరిలో సెయింట్ పీటర్స్‌తో కొట్లాడిన పొరుగు కాలేజీలు మార్చిలో దాని గెలుపు కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తాయి. దాయాదుల పంటైనా వాటా ఉంటే వాన కోరుకోక తప్పదు.

ప్రేక్షకుడిని కట్టిపడేసేది మాత్రం ఒక కాగితం. ఆదివారం సాయంత్రం జట్ల జాబితా రాగానే కోట్లాదిమంది ఎవరి మీద ఎవరు గెలుస్తారో ఊహించి ‘బ్రాకెట్’ నింపుతారు. 63 ఆటలకు రెండేసి అవకాశాల చొప్పున గుణిస్తే వచ్చే సంఖ్య 9,22,33,72,03,68,54,775 వేల దగ్గర, అంటే ఇంచుమించు 92 వేల కోట్ల కోట్లు. అన్నీ సరిగ్గా ఊహించినవారు ఇంతవరకు తేలలేదు. 2014లో వారెన్ బఫెట్ అండతో అలాంటి బ్రాకెట్‌కు వంద కోట్ల డాలర్ల బహుమతి ప్రకటించగా అది ఎవరికీ ఇవ్వాల్సిన అవసరం రాలేదు. 2019లో ఒహాయోకు చెందిన ఒక ప్రేక్షకుడు వరుసగా 49 ఆటలు సరిగ్గా చెప్పి యాభయ్యోదాని దగ్గర తప్పాడు. నమోదైన రికార్డు అదే. తమాషా ఏమిటంటే ఈ పోటీలో ఆట తెలిసినవాడికి పెద్ద మొగ్గు లేదు. ఆఫీసు బ్రాకెట్‌లో జెర్సీ రంగు నచ్చిందని ఎంచుకున్నవారు గణాంకాలు తిరగేసినవారిని ఓడించడం ఏటా జరిగే ముచ్చటే. డాలస్‌లోనో షార్లట్‌లోనో ఉద్యోగంలో చేరిన తెలుగు ఇంజనీరుకు బాస్కెట్‌బాల్‌తో మొదటి పరిచయం తరచూ ఈ కాగితం ద్వారానే అవుతుంది. సహోద్యోగుల కబుర్లలోకి అడుగుపెట్టడానికి అంతకంటే సులువైన తలుపు లేదు. నింపిన కాగితం ఉన్నవాడికి పేరు కూడా సరిగా పలకలేని కాలేజీ సొంత జట్టవుతుంది, గురువారం మధ్యాహ్నం మీటింగ్ మధ్యలో ఫోన్ మీద స్కోరు వెతుకుతాడు. 2018లో సుప్రీంకోర్టు తీర్పు రాష్ట్రాలకు క్రీడా పందేలను అనుమతించే వీలు కల్పించాక ఈ అమాయకపు కాగితం పక్కకు అసలు డబ్బు పందెం వచ్చి చేరింది. ఫ్రీ త్రో తప్పిన కుర్రాడికి అపరిచితుల నుంచి తిట్లు రావడం దాని ఫలితాల్లో ఒకటి.

ఇన్ని కోట్లు తిరిగే చోట ఆడేవాడికి చాలాకాలం దక్కినది ఫీజు మినహాయింపు, భోజనం, వసతి మాత్రమే. 2014లో కనెక్టికట్‌కు కప్పు గెలిచిపెట్టిన షబాజ్ నేపియర్ తాను ఆకలితో పడుకున్న రాత్రులు ఉన్నాయని విలేకరులకు చెప్పాడు. కొద్ది రోజులకే భోజనంపై ఉన్న పరిమితిని ఎన్‌సీఏఏ ఎత్తేసింది. 2021లో సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. అదే ఏడాది జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం వాడుకున్నందుకు ప్రకటనదారుల దగ్గర డబ్బు తీసుకోవడానికి అనుమతి వచ్చింది. 2025 జూన్‌లో ఆమోదం పొందిన ఒప్పందంతో కాలేజీలే తమ క్రీడాకారులకు 2025-26లో 2.05 కోట్ల డాలర్ల దాకా నేరుగా పంచే వీలు కలిగింది. న్యాయం ఆలస్యంగానైనా జరిగిందనడంలో సందేహం లేదు.

మహిళల టోర్నీ కథలో ఈ అన్యాయం ఇంకా పచ్చిగా కనిపించింది. 1982లో మొదలైన ఆ టోర్నీకి ‘మార్చి మ్యాడ్‌నెస్’ అనే పేరు వాడుకునే వీలు కూడా 2022 దాకా లేదు. 2021లో ఒరెగాన్ క్రీడాకారిణి సెడోనా ప్రిన్స్ తమకు ఇచ్చిన వ్యాయామ సామగ్రిని, అంటే డంబెల్స్ ఉన్న ఒకే ఒక్క స్టాండును, పురుషులకు ఇచ్చిన విశాలమైన జిమ్‌తో పోల్చి వీడియో పెట్టాక గానీ నిర్వాహకులలో కదలిక రాలేదు. మూడేళ్లకు, 2024లో, కెయిట్లిన్ క్లార్క్ ఆడిన అయోవా, సౌత్ కరోలినా ఫైనల్‌ను సగటున 1.89 కోట్ల మంది చూశారు. పురుషుల ఫైనల్‌కు వచ్చినవారు 1.48 కోట్లు. మహిళల జట్లకు యూనిట్ డబ్బు మొదలైంది 2025లో.

అయితే ఆటగాడికి దక్కిన ఈ న్యాయమే టోర్నీకి ప్రాణం పోసిన చిన్న కాలేజీల కాళ్ల కింద నేలను కదిలిస్తోంది. ఇదివరకు జట్టు మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ షరతు లేదు. చిన్న జట్టులో మెరిసిన కుర్రాడికి వేసవిలోనే పెద్ద కాలేజీ డబ్బుతో కబురు పెడుతుంది. ఒకే గుంపు మూడు నాలుగేళ్లు కలిసి ఆడి, ఒకరి కదలికలు మరొకరికి కంఠస్థమై, మార్చిలో గొప్పవాళ్లను బోల్తా కొట్టించే పద్ధతికి కాలం చెల్లుతోంది. 2025లో చివరి పదహారు జట్లూ నాలుగు పెద్ద కాన్ఫరెన్స్‌లవే, అందులో ఏడు ఒక్క సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌వి. చివరి నలుగురూ ఒకటో సీడ్లే. 2008 తరువాత అలా జరగడం అదే మొదటిసారి. ఆట నాణ్యత దృష్ట్యా అది గొప్ప ఫైనల్ ఫోర్, ఫైనల్లో ఫ్లోరిడా హ్యూస్టన్‌ను 65-63తో ఓడించిన తీరూ ఉత్కంఠభరితమే. కానీ మొదటి వారాంతంలో దేశం ఎదురుచూసే పేరు, ఎవరూ వినని కాలేజీ పేరు, ఆ ఏడాది రెండో వారానికి చేరలేదు. ఒక్క ఏడాదిని చూసి తీర్పు చెప్పడం తొందరపాటే కావచ్చు. అయినా పెద్ద జట్ల మధ్య మంచి ఆటలే కావాలనుకునే ప్రేక్షకుడికి జూన్ దాకా ఎన్‌బీఏ ఎలాగూ ఉంది. ఈ టోర్నీ అమ్ముతున్న సరుకు అది కాదు.

డబ్బు వేగం కోచ్‌లనూ వదలలేదు. 2024 మార్చిలో గెలిచిన ఆ కాన్ఫరెన్స్ కప్పుతో నార్త్ కరోలినా స్టేట్ కోచ్ కెవిన్ కీట్స్ ఒప్పందం, అందులోని షరతు ప్రకారం, దానంతట అదే రెండేళ్లు పొడిగింపు పొందింది. మరుసటి సీజన్లో ఆ జట్టు 12 గెలుపులు, 19 ఓటములతో ముగించింది. పద్దెనిమిది జట్లున్న కాన్ఫరెన్స్‌లో మొదటి పదిహేనింటికే టోర్నీ ప్రవేశం కావడంతో, ఏడాది కిందట ఐదు రోజుల్లో ఐదు ఆటలు గెలిచిన ఆ టోర్నీలో ఆడే అర్హతే దానికి దక్కలేదు. 2025 మార్చి 9న కీట్స్‌ను తొలగించారు.